కడుపునొప్పి వెనుక ఉన్న బాధను అడిగేదెవరు?



మన సొసైటీ వైద్య శిబిరం పెట్టిన రోజు పిల్లల వరుసను దాతలు చాలామంది చూసే ఉంటారు. బరువు తూస్తారు, ఎత్తు కొలుస్తారు, కంటి రెప్ప కిందికి లాగి రక్తం తక్కువుందేమో చూస్తారు, నులిపురుగుల మాత్ర ఇస్తారు. రెండు నిమిషాల్లో ఒక బిడ్డ వంతు అయిపోతుంది. కానీ ఆ బిడ్డ రాత్రి నిద్రపోతున్నాడా, దేనికైనా భయపడుతున్నాడా అని మాత్రం ఎవరూ అడగరు.

కొన్నేళ్ల కిందట నా ఆరో తరగతిలో ఒక యతీమ్ బాబు ఉండేవాడు. ప్రతి సోమవారం పొద్దున కడుపునొప్పి అనేవాడు. బడి ఎగ్గొట్టడానికి సాకు అనుకుని రెండుసార్లు మందలించాను కూడా. తల్లి ఆర్ఎంపీ దగ్గర సూది వేయించింది. నజర్ తగిలిందేమోనని తావీజు కట్టించింది. స్కానింగ్ తీయిస్తే ఏమీ లేదన్నారు. చివరికి జనగామలో ఒక పిల్లల డాక్టర్ పొట్ట నొక్కి చూశాక తల్లిని నాలుగు మాటలు అడిగారు. నిద్ర ఎలా పడుతోంది? తోటి పిల్లలతో ఆడుతున్నాడా? ఇంట్లో ఏమైనా జరిగిందా? అప్పుడు బయటపడింది. తండ్రి పనికి వెళ్లి తిరిగి రాలేదు కాబట్టి అమ్మీ కూడా రాదేమోనని వాడి భయం. ఆదివారమంతా ఆమె దగ్గరే ఉండి, సోమవారం విడిచి రావలసి వచ్చేసరికి నొప్పి మొదలయ్యేది. వాడి నొప్పి అబద్ధం కాదు. దాని వేరు మాత్రం కడుపులో లేదు. ఇన్నేళ్లు పాఠాలు చెప్పిన నాకు అది తట్టలేదు.

ఇలాంటి పిల్లలు అరుదేమీ కాదు. నిమ్హాన్స్ ఆధ్వర్యంలో 2015–16లో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో 13–17 ఏళ్ల వారిలో 7.3 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉన్నట్టు తేలింది. నలభై మంది ఉన్న తరగతిలో అది దాదాపు ముగ్గురు.

ముప్పై అయిదు ప్రశ్నల కాగితం

ఆ డాక్టర్ అడిగినట్టు అందరూ అడగడానికి ఒక పద్ధతి ఉంది. అమెరికాలోని మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రికి చెందిన మైఖేల్ జెలినెక్, ఆయన సహచరులు 1980లలో 'పీడియాట్రిక్ సింప్టమ్ చెక్‌లిస్ట్' తయారుచేశారు. ఇందులో 35 అంశాలు ఉంటాయి. నొప్పులు, నిద్ర, దిగులు, కుదురులేమి, ఒంటరిగా ఉండటం, బడిలో గొడవలు వంటివి. తల్లి ఒక్కోదానికి ఎప్పుడూ లేదు, అప్పుడప్పుడు, తరచుగా అని జవాబిస్తే 0, 1, 2 మార్కులు వేస్తారు. 6 నుంచి 16 ఏళ్ల బిడ్డకు మొత్తం 28 లేదా అంతకు మించితే ఇంకా లోతుగా చూడాలి. ఇది ఉచితంగా దొరుకుతుంది.

ఇది థర్మామీటర్ లాంటిది. జ్వరం ఉందని చెబుతుంది, ఏ జ్వరమో చెప్పదు. మార్కులు చూసి బిడ్డకు జబ్బు పేరు పెట్టకూడదు.

దీన్ని మామూలు పిల్లల డాక్టర్ దగ్గరే ఎందుకు అడగాలి? మానసిక డాక్టర్ దగ్గరికి వెళ్లమంటే 'నా బిడ్డకు పిచ్చా సార్?' అంటుంది తల్లి. అదే తల్లి జ్వరానికో టీకాకో తప్పకుండా వస్తుంది. వచ్చినప్పుడే అడిగితే ఎవరికీ నామోషీ ఉండదు.

మన దగ్గర ఏముంది

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందాలు అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు, ప్రభుత్వ, ఎయిడెడ్ బడులకు ఒకసారి రావాలి. వారు చూసే సమస్యల్లో మాటలు ఆలస్యం కావడం, చదువులో ఇబ్బంది, ఆటిజం వంటివి కూడా ఉన్నాయి. ఇది మంచి ఏర్పాటు. కానీ చిన్న ప్రైవేటు బడిలో చదివే బిడ్డ, మదర్సాలో ఉండే బిడ్డ, బడి మానేసి మెకానిక్ షెడ్డులో చేరిన బిడ్డ దీనికి దూరంగానే ఉండిపోతారు. వారిలో మన పిల్లలు ఎంతమందో మీకు వేరే చెప్పనక్కరలేదు.

ఇంకొక చిక్కు భాష. ఇంట్లో ఉర్దూ, బడిలో తెలుగు. తరగతిలో నోరు విప్పని పిల్లను చూసి మందబుద్ధి అనుకోవడం తేలిక. అదే పిల్ల ఇంట్లో గలగలా మాట్లాడుతుంది. అందుకే ప్రశ్నలు ఇంటి భాషలో, తల్లికి అర్థమయ్యే మాటల్లో అడగాలి.

దువా చేయడం, వైద్యం చేయించడం ఒకదానికొకటి అడ్డు కావు. వెయ్యేళ్ల కిందటే అబూ జైద్ అల్ బల్ఖీ శరీరానికీ మనసుకూ కలిపి ఒకే గ్రంథం రాశారు.

దాతలు ఏం చేయగలరు

మొదటిది, వచ్చే శిబిరంలో ఒక బల్ల అదనంగా వేయించండి. ఉర్దూ, తెలుగు రెండూ వచ్చిన, శిక్షణ పొందిన ఒక సోదరి అక్కడ కూర్చుని, కాస్త చాటుగా, తల్లులను అడగాలి.

రెండవది, అడగడానికి ముందే ఎక్కడికి పంపాలో ఖాయం చేసుకోవాలి. సమస్య ఉందని చెప్పి వదిలేస్తే తల్లికి దిగులు తప్ప ఏమీ మిగలదు. జనగామ జిల్లా ఆసుపత్రి, వరంగల్ ఎంజీఎం ఉన్నాయి. ఎదుగుదల లోపాలకు సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో 1984 నుంచి జాతీయ సంస్థ ఉంది. 2022లో మొదలైన టెలి మానస్ 14416 నంబరుకు పగలైనా రాత్రైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు.

మూడవది, దారి ఖర్చు. దేవరుప్పుల నుంచి హైదరాబాద్ వెళ్లి రావడమంటే కూలి తల్లికి బస్సు చార్జీతో పాటు ఒకరోజు కూలి కూడా పోతుంది. ఒక్కసారితో అయ్యే పని కాదు కాబట్టి, చాలామంది రెండోసారి వెళ్లరు. మన బాబుకు పూర్తిగా నయం కావడానికి ఏడాది పట్టింది. ఆ ఏడాది పొడవునా వెళ్లగలిగారంటే మహల్లాలో ఒక పెద్దమనిషి పేరు చెప్పకుండా చార్జీలు ఇచ్చినందువల్లే.

చివరగా ఒక మనవి. సంచికలో మనం స్కాలర్‌షిప్ అందుకున్న పిల్లల ఫోటోలు వేస్తాం. ఈ పిల్లల ఫోటోలు మాత్రం అడగకండి, పేర్లు కూడా అడగకండి. కుడిచేయి ఇచ్చింది ఎడమచేతికి తెలియకుండా ఇచ్చే సదఖాకు ఇంతకన్నా తగిన చోటు నాకు కనిపించలేదు. అల్లాహ్ మీ దానాన్ని స్వీకరించుగాక. ఆమీన్.