మిల్‌విల్ నుంచి మేజర్ లీగ్‌కు

క్రికెట్ ఎరిగినవారికి బేస్‌బాల్ పూర్తిగా అపరిచితమైన ఆట కాదు. ఇందులోనూ బంతి విసిరేవాడు, కొట్టేవాడు, పట్టేవారు ఉంటారు. బంతిని కొట్టినవాడు వజ్రాకారంలో అమర్చిన నాలుగు బేస్‌లను చుట్టివస్తే ఒక పరుగు లభిస్తుంది. ఆ వజ్రానికి ఆవల, ప్రహరీ వరకు పరచుకొన్న విశాలమైన పచ్చికబయలును కాపాడేవారు ముగ్గురే. వారిని ఔట్‌ఫీల్డర్లు అంటారు. ముగ్గురిలో మధ్యన నిలిచేవాని బాధ్యత మరింత బరువైనది. మైక్ ట్రౌట్ ఆ స్థానంలోనే ప్రఖ్యాతి గడించాడు.

ట్రౌట్ 1991 ఆగస్టు 7న అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రంలో జన్మించాడు. మిల్‌విల్ అనే చిన్న పట్టణంలో పెరిగాడు. తండ్రి జెఫ్ యౌవనంలో మిన్నెసోటా ట్విన్స్ సంస్థకు చెందిన దిగువస్థాయి జట్లలో ఆడాడు. మేజర్ లీగ్ గడప తొక్కకుండానే ఆట విరమించి ఉపాధ్యాయుడయ్యాడు. కుమారుడు మిల్‌విల్ ఉన్నత పాఠశాలలో తొలుత బేస్‌ల నడుమ నిలిచే షార్ట్‌స్టాప్‌గా ఆడి, చివరి సంవత్సరంలో ఔట్‌ఫీల్డుకు మారాడు.

అమెరికాలో వృత్తి జట్లు ఏటా వంతులవారీగా యువ క్రీడాకారులను ఎంపిక చేసుకొంటాయి. ఈ పద్ధతిని డ్రాఫ్ట్ అంటారు. అందుకు ముందుగా జట్ల ప్రతిభాన్వేషకులు పాఠశాల మైదానాలన్నీ గాలిస్తారు. కాలిఫోర్నియా, ఫ్లోరిడా వంటి వెచ్చని రాష్ట్రాల పిల్లలు ఏడాది పొడవునా ఆడగలరు. న్యూజెర్సీలో చలికాలం ముగిస్తేగాని ఆట మొదలు కాదు. మొదలైనా వానలు వెన్నాడుతాయి. కొద్ది ఆటలు మాత్రమే ఆడిన బాలుని సామర్థ్యాన్ని నమ్మడమెట్లా? పలువురు అన్వేషకులు సందేహించారు. లాస్ ఏంజెలస్ ఏంజెల్స్ జట్టు అన్వేషకుడు గ్రెగ్ మోర్‌హార్ట్ మాత్రం సందేహించలేదు. ఆయన ఒకప్పుడు జెఫ్‌తో కలిసి ఆడినవాడు.

2009 జూన్‌లో డ్రాఫ్ట్ జరిగిన సభామందిరానికి స్వయంగా వచ్చిన యువ ఆటగాడు ట్రౌట్ ఒక్కడే. అతని సమక్షంలోనే 24 మంది ఇతరుల పేర్లు వెలువడ్డాయి. 24వ, 25వ వంతులు రెండూ ఏంజెల్స్‌వే. 24వ వంతులో వారు రాండల్ గ్రిచుక్ అనే మరొక పాఠశాల ఔట్‌ఫీల్డరును తీసుకొన్నారు. ఆ తరువాతనే ట్రౌట్ పేరు వినిపించింది.

ఎంపికైనంత మాత్రాన మేజర్ లీగ్ చేరినట్లు కాదు. దాని కింద మైనర్ లీగ్ అనే నిచ్చెన ఉంది. దానిలో ఎన్నో మెట్లు. సుదీర్ఘమైన బస్సు ప్రయాణాలు, స్వల్ప వేతనాలు. ఆ నిచ్చెన ఎక్కుతూ మధ్యలోనే ఆగిపోయేవారే అధికం. జెఫ్ ప్రయాణం ముగిసింది కూడా అక్కడే. ట్రౌట్ అరిజోనాలో ఆరంభించి, అయోవా, కాలిఫోర్నియా, అర్కాన్సా రాష్ట్రాల జట్లను వేగంగా దాటాడు. 2010లో 56 పర్యాయాలు బేస్ ‘దొంగిలించాడు’. దొంగతనమంటే తోటివాడు బంతిని కొట్టేదాకా ఆగక, ప్రత్యర్థుల కన్నుగప్పి తరువాతి బేస్‌కు పరుగెత్తడం. దీనికి కాళ్ల వేగంతోపాటు గుండె ధైర్యమూ కావాలి.

2011 జూలై 8న, ఇంకా 20 ఏళ్లు నిండకుండానే, అతడు మేజర్ లీగ్‌లో అడుగిడాడు. ఆనాడు ఒక్క హిట్ కూడా సాధించలేదు. ఆ సంవత్సరం 40 ఆటలలో అతని సగటు .220, అనగా నూరు అవకాశాలకు 22 హిట్లు. నూటికి 30 సాధించినవానిని ఉత్తమునిగా ఎంచే ఆట ఇది. నడుమ కొన్నాళ్లు అతనిని తిరిగి అర్కాన్సాకు పంపివేశారు. 2012లో సైతం ఆరంభంలో అనారోగ్యం వల్ల సాధనకు దూరమై, దిగువ జట్టులోనే ఉండవలసి వచ్చింది.

ఏప్రిల్ 28న మళ్లీ పిలుపు వచ్చింది. అప్పటికి ఏంజెల్స్ 20 ఆటలలో 14 ఓడిపోయి దిగాలుపడి ఉంది. ఆ సంవత్సరం ట్రౌట్ సగటు .326కు పెరిగింది. 30 హోమ్ రన్‌లు, 49 బేస్ దొంగతనాలు అతని పేర నమోదయ్యాయి. ఉత్తమ నూతన క్రీడాకారుని పురస్కారానికి అమెరికన్ లీగ్ న్యాయనిర్ణేతలు 28 మందీ అతనికే ప్రథమస్థానమిచ్చారు.

ఔట్‌ఫీల్డరుగా అతడెవరో లోకానికి తెలిసింది మాత్రం జూన్ 27న, బాల్టిమోర్ మైదానంలో. జె.జె. హార్డీ కొట్టిన బంతి ప్రహరీ దాటిపోతున్నది. దాటితే హోమ్ రన్ నిశ్చయం. ట్రౌట్ వెనుకకు పరుగెత్తి, గోడ దగ్గర గాలిలోకి ఎగసి, చేతి తొడుగును ప్రహరీకి పైగా చాచాడు. అతడు నేలకు దిగేసరికి బంతి తొడుగులో ఉంది.