చెవి వదిలి చేతికొచ్చిన ఫోను

కాలేజీ బస్సులో కుర్రాళ్లు ఫోన్ మాట్లాడే తీరు గమనించండి. చెవికి ఆనించేవాళ్లు తక్కువ. నోటి ముందు అడ్డంగా పట్టుకుని, స్పీకర్ పెట్టి, బస్సంతా వినేలా మాట్లాడతారు. లేదంటే చెవుల్లో బడ్స్. కాల్ ఎందుకని వాయిస్ మెసేజ్‌తో సరిపెట్టేవాళ్లూ ఉన్నారు. పక్క సీట్లో పెద్దాయనకు ఇదంతా ఒళ్లుమంట. రేడియో తరంగాల లెక్క తీస్తే మాత్రం, ఫోన్ చెవికి అదిమిపట్టి గంటసేపు మాట్లాడే ఆయన తల కంటే ఈ కుర్రాళ్ల తలకే తక్కువ తగులుతోంది.

తేడా అంతా దూరంలో ఉంది. తరంగాలు పంపే యాంటెనా ఫోన్‌లోనే ఉంటుంది. ఫోన్ తలకు ఆనితే ఆ శక్తిలో కొంత తల పీల్చుకుంటుంది. జానెడు జరిపితే బాగా పడిపోతుంది. శరీరం ఇలా ఎంత పీల్చుకుంటుందో చెప్పేదే ‘సార్’ విలువ. మన దేశంలో 2012 సెప్టెంబరు నుంచి కొత్త ఫోన్లకు పరిమితి కిలోకు 1.6 వాట్లు. స్టార్, హ్యాష్, 07, హ్యాష్ అని డయల్ చేస్తే చాలా ఫోన్లలో రెండు అంకెలు కనిపిస్తాయి: తలకొకటి, ఒంటికొకటి. ఆ అంకె చూసి ఫోన్ కొనేవాళ్లకు ఒక మాట. అది ఫోన్ పూర్తి శక్తితో పనిచేస్తుండగా ల్యాబ్‌లో తీసింది. రోజువారీ వాడకంలో ఫోన్ అంత శక్తి ఖర్చుపెట్టేది ఎక్కువగా సిగ్నల్ సరిగా అందనప్పుడే.

టవర్ దగ్గరుంటే ఫోన్ గుసగుసలాడుతుంది, దూరమైతే గొంతు చించుకుంటుంది. లిఫ్టులో, పరుగెత్తే రైల్లో, పాడేరు ఘాట్‌రోడ్డులో ఒక్క గీత మిణుకుమనే మలుపులో అది చేసే పని ఇదే. అందుకే మన కాలనీల్లో టవర్ల మీద జరిగే గొడవలు కాస్త విచిత్రంగా అనిపిస్తాయి. ధర్నా చేసి టవర్ ఎత్తేయిస్తే, ఆ వీధిలో ఫోన్ చెవిన పెట్టుకునే పిల్లల తలకు తగిలే మోతాదు తగ్గకపోగా పెరగొచ్చు.

ఇంతకీ ప్రమాదముందా? 2011లో ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం ఈ తరంగాలను ‘క్యాన్సర్ కారకం కావచ్చు’ అనే 2బి జాబితాలో చేర్చింది. ఆ మాట పట్టుకుని వాట్సాప్‌లో ఇప్పటికీ భయాలు తిరుగుతూనే ఉన్నాయి. ఆ తర్వాత, భారత్ సహా 14 దేశాల్లో 10 నుంచి 24 ఏళ్ల వాళ్ల మీద జరిగిన మోబీ-కిడ్స్ అధ్యయనం, మెదడులో కణితి వచ్చిన దాదాపు 900 మందిని పరిశీలించి, కణితులకు ఫోన్ కారణమని చెప్పే ఆధారం కనిపించలేదని తేల్చింది.

నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది స్విట్జర్లాండ్‌లో జరిగిన హెర్మెస్ అధ్యయనం. 12 నుంచి 17 ఏళ్ల పిల్లలు, దాదాపు 700 మంది. పిల్లల మాటలతోనే సరిపెట్టకుండా కొందరి కాల్ వివరాలు ఆపరేటర్ల నుంచే తెప్పించారు. ఏడాది గడిచాక చూస్తే, మెదడుకు ఎక్కువ మోతాదు చేరిన పిల్లల్లో ఆకారాలను గుర్తుపెట్టుకునే శక్తి కొంత మందగించినట్టు 2018లో ప్రకటించారు. కుడిచెవితో మాట్లాడే వాళ్లలో అది ఇంకాస్త స్పష్టం. ఆ రకం జ్ఞాపకానికి మెదడు కుడి భాగమే ప్రధానం మరి. మెసేజ్‌లకు, గేమ్‌లకు ఈ లంకె కనపడలేదు. ఇది తుదితీర్పు కాదని, ఇంకా పరిశోధించాలని వాళ్లే అన్నారు. (దీన్ని చదివి ఎడమ చెవికి మారిపోనక్కర్లేదు. స్పీకర్ నొక్కితే చాలు.)

రాత్రి సంగతి వేరు. దిండు కింద ఊరికే పడున్న ఫోన్ టవర్‌ను అప్పుడప్పుడూ మాత్రమే పలకరిస్తుంది. పిల్లల నిద్ర తినేసేది తరంగాలు కాదు, ఒంటిగంట దాకా సాగే రీల్స్. అమ్మానాన్నల భయం మాత్రం తరంగాల మీదే. రేడియేషన్ అంటూ పదింటికల్లా వైఫై రౌటర్ కట్టేసే నాన్నలు నాకు తెలుసు. నాన్న అటు వెళ్లగానే కొడుకు దుప్పట్లోంచే మొబైల్ డేటా ఆన్ చేస్తాడు. పక్క గదిలోని రౌటర్‌తో పోయే పనికి, ఆ ఫోన్ ఇప్పుడు ఇంటి గోడలన్నీ దాటి వీధి చివరి టవర్‌ను అందుకోవాలి.