గ్యాసు గీజరు మొరాయించినపుడు

గుంటూరు, ప్రకాశము జిల్లాల పల్లెలలో వేన్నీళ్లకై పూర్వము పెరటిలో కాగు పెట్టి, పత్తికట్టెతోనో మిరపకట్టెతోనో మంట వేసెడివారు. మిరపకట్టె పొగకు కన్నులు మండి ఇల్లాలు కొంగు అడ్డము పెట్టుకొనెడిది. కాని ఆ పొయ్యి ఆకాశము క్రింద నుండెడిది. ఆ పొగ తానున్నానని ముందుగానే చెప్పెడిది. నేడు చాల యిండ్లలో ఆ మంట గోడనెక్కి స్నానాలగదిలోనికి వచ్చినది. దానినే గ్యాసు గీజరందుము. సౌకర్యమునకు సాటి లేదు. అయితే అది మొరాయించినపుడు మన చేతిలో నున్న పని యేది, మెకానిక్కునకు వదలవలసిన దేది, సోదరీమణు లెరిగి యుండుట మేలు.

గీజరు పనిచేయు విధము సులభమే. కుళాయి విప్పగానే నీటి ఒత్తిడికి లోపలి రబ్బరు పొర కదలి గ్యాసు దారిని తెరచును. ఆ క్షణముననే బ్యాటరీలు టకటకమని నిప్పురవ్వలను పుట్టించును. మంటపై నున్న రాగి గొట్టములలో నీరు పారుచు వేడెక్కును. కావున మంట రానిచో ముందుగా చెవియొగ్గి వినవలెను. టకటక ధ్వని లేదా, బ్యాటరీలు నీరసించినవి, లేక నీటి ఒత్తిడి చాలకున్నది. బ్యాటరీలు రెండున్నచో రెంటిని ఒకేసారి మార్చవలెను. ఒక పాతది, ఒక క్రొత్తది పెట్టు పొదుపు పొదుపు కాదు. మేడమీది ట్యాంకునకు సరిగా క్రిందనే స్నానాలగది యున్న యిండ్లలో నీరు ఎత్తునుండి దిగదు గనుక ఒత్తిడి తక్కువ. ధ్వని వచ్చుచు మంట మాత్రము రాకున్న, లోపము గ్యాసు వైపున నున్నది. సిలిండరు మార్చిన వెంటనే యైనచో గొట్టములో గాలి చేరి యుండును. కుళాయిని రెండు మూడు సార్లు కట్టి విప్పిన సరిపోవును. వెలుగునపుడు భుగ్గుమని పెద్ద చప్పుడైనచో నిప్పు ఆలస్యముగా నంటుకొనుచున్నదన్నమాట. బ్యాటరీలు మార్చియు మానకున్న మెకానిక్కు చూచువరకు వాడరాదు.

మన ప్రాంతమునకు ప్రత్యేకమైన బాధ మరియొకటి కలదు. పల్నాటను, మార్కాపురము, కనిగిరి వైపునను బోరునీటిలో సున్నపు లవణము లెక్కువ. నీరు కాగినపుడు అవి విడివడి, గిన్నె యడుగున తెల్లని గార యగునట్లే, గీజరు గొట్టములలోను పేరుకొనును. ధార సన్నగిల్లును, వేడి తగ్గును, లోపల కుతకుతమను ధ్వని వినవచ్చును. నాగార్జునసాగరు కుడికాలువ నీరు వాడు యిండ్లకు ఈ బెడద తక్కువ. నీరు చేరుచోట నుండు చిన్న జల్లెడను, గ్యాసును నీటిని కట్టివేసి, పాత పళ్లబ్రష్షుతో మనమే కడుగవచ్చును. గొట్టములలోని గారను కరగించుట మాత్రము మెకానిక్కు పని. వేడి మరను ఎప్పుడును చివరివరకు త్రిప్పకుండుట మంచిది; నీరు మిక్కిలి కాగినకొలది గార హెచ్చును.

ఇవన్నియు కేవలము చిరాకులు. అసలు ప్రమాదము గీజరు చక్కగా వెలుగుచున్నపుడే యుండును. మంట నీలిరంగున నుండవలెను. పసుపుపచ్చగా నున్నను, పైన మసి పట్టినను దానికి గాలి చాలలేదని గ్రహింపవలెను. అట్టి మంటనుండి కార్బన్ మోనాక్సైడ్ అను విషవాయువు పుట్టును. దానికి రంగు లేదు, వాసన లేదు. అది రక్తములో ప్రాణవాయువు చోటు నాక్రమించును. బిగించిన చిన్నగదిలో నీలిమంటయు గాలిని తినివేసి కొంతసేపటికి పచ్చబడును. 1868లో లండనులో బెంజమిన్ మాన్ కనిపెట్టిన తొలి గీజరునకును పొగ వెలికి పోవు గొట్టము లేకుండెను. మన యిండ్లలోని చిన్న గీజరులకు పెక్కింటికి నేటికిని లేదు.

భోగినాటి ఉదయమును తలచుకొనుడు. ఇంటినిండ చుట్టములు. చలికి వెంటిలేటరునకు అట్టముక్క అడ్డముపెట్టి, తలంటుకొని ఒకరి తరువాత ఒకరు తలుపు బిగించి స్నానము చేయుదురు. గీజరు ఆరనే యారదు. నాలుగవ వారికో అయిదవ వారికో తలనొప్పి, వికారము, కన్నులు తిరుగుట. పైత్యమనియో, పస్తున్నందువలన ననియో ఇంటివారు సరిపెట్టుకొందురు. గర్భిణులకును పసిబిడ్డలకును ఈ వాయువు మరింత హాని చేయును. కొన్ని గీజరులు ఇరువది నిమిషములకు తమంతట తామే యారిపోవును. దానిని లోపమని తలచి మెకానిక్కుచే ఆ యేర్పాటును తీయించువా రున్నారు. కాపలావానిని ఇంటినుండి వెడలగొట్టుట వంటిదే యిది.

గీజరును స్నానాలగది వెలుపల, గాలి యాడుచోట బిగించి, వేన్నీటి గొట్టమును మాత్రమే లోనికి తెచ్చుట అన్నింటికంటె ఉత్తమము. అందుకు వీలులేనివారు తలుపు తెరచియుంచి బకెట్టు నింపుకొని, గీజరు ఆపి, పిమ్మట తలుపు వేసుకొనవలెను. మిరప కళ్లముల దినములలో ఘాటునకు వెంటిలేటరు మూయువారికి ఇది మరింత అవసరము. లోపలివారు పలుకకున్న తలుపు తెరచి, గ్యాసు కట్టి, వారిని ఆరుబయటికి చేర్చి 108కి ఫోను చేయవలెను.

గ్యాసు వాసన వచ్చినచో సంగతి వేరు. ఆ గ్యాసు గాలికంటె బరువు, నేలబారున పేరుకొనును. అగ్గిపుల్ల గీయరాదు, విద్యుత్తు మీట తాకరాదు. రెగ్యులేటరు కట్టి, తలుపులన్నియు తీసి, బయటికి పోయి 1906 నంబరునకు తెలుపవలెను. రబ్బరు గొట్టముపై ముద్రించిన తేదీని ఒక్కమారు చూచుకొనుడు. సురక్ష గొట్టము నైనను 5 సంవత్సరములకు మార్చవలసినదే.