మారునీలి: వేరెరిగిన పెంపకం

నీలిమందుతో తెలుగునేలకు పూర్వపరిచయం ఉంది. పంతొమ్మిదవ శతాబ్దంలో కడప, కర్నూలు మండలాల రైతులు నీలిమొక్కను విస్తారంగా సాగుచేశారు. 1897లో జర్మనీలో తయారైన రసాయన నీలి విపణిలోకి ప్రవేశించిన తరువాత ఆ సాగు క్రమంగా క్షీణించింది. అయితే ఆ మొక్క పేరును అరువు తెచ్చుకొన్న మరొక మొక్క ఉత్తర అమెరికా ఖండంలో నేటికీ ఇంటితోటల్లో ఆదరణ పొందుతూనే ఉంది. ఆంగ్లంలో దానిని ‘ఫాల్స్ ఇండిగో’ అంటారు. తెలుగులో ‘మారునీలి’ అనవచ్చు.

దీని శాస్త్రీయనామం బాప్టీషియా ఆస్ట్రాలిస్. రంగులో ముంచుట అనే అర్థంగల గ్రీకు పదం నుండి ‘బాప్టీషియా’ అనే పేరు ఏర్పడింది. అమెరికా ఆదివాసులైన చెరోకీలు దీని నుండి నీలిరంగు తీసేవారు. ఐరోపా నుండి వచ్చి స్థిరపడినవారు అసలు నీలికి బదులుగా దీనిని వాడారు. రంగులో అసలు నీలికి సాటిరాకపోవడం వల్ల దీనికి ఆ పేరు నిలిచిపోయింది. రంగుకోసం కాక, అందంకోసమే పెంచే నేటి తోటల్లో మాత్రం దీనికి లోటు లేదు. అమెరికాలోని బహువార్షిక మొక్కల సంఘం 2010వ సంవత్సరపు మేటి మొక్కగా దీనినే ఎంపిక చేసింది.

ఇది చిక్కుడు కుటుంబానికి చెందినది. మూడు నాలుగు అడుగుల ఎత్తున గుబురుగా పెరుగుతుంది. వసంతం ముగిసే వేళ నీలిపూల గుత్తులు నిటారుగా నిలుస్తాయి. పూలు రాలిన పిదప ఏర్పడే కాయలు ఎండి నల్లబడి, గాలి వీచినప్పుడు గలగలలాడతాయి. శీతకాలంలో కాడలన్నీ నేలమట్టమవుతాయి. భూమిలోని వేరు మాత్రం సజీవంగా ఉండి, మరుసటి వసంతంలో తిరిగి చిగురిస్తుంది. ఈ చలికాలపు విశ్రాంతి అవసరం కనుక ఇది మన మైదాన ప్రాంతాలకు అనువైనది కాదు.

విత్తనం పైపెంకు చాలా గట్టిది. కనుక దానిని గరుకు కాగితంతో కొద్దిగా అరగదీసి, ఒక రాత్రంతా నీటిలో నానబెట్టి నాటుతారు. మొలకెత్తిన తొలి ఏడాది నాలుగైదు ఆకులకు మించి కనిపించకపోవచ్చు. ఇది చూసి మొక్క బలహీనంగా ఉందని భావించి పీకివేయడం తొందరపాటు. పైకి పెరుగుదల కానరాని ఆ కాలంలోనే తల్లివేరు నేలలోతులకు చొచ్చుకొని పోతుంది. పూలకోసం సాధారణంగా మూడేళ్ళు, ఒక్కొక్కప్పుడు అంతకన్నా ఎక్కువకాలం వేచిచూడాలి. అలా లోతుకు దిగిన వేరే తరువాత వానలు ముఖం చాటేసినా మొక్కను కాపాడుతుంది.

మొక్కను కాపాడే ఆ వేరే స్థలమార్పిడికి ఆటంకమవుతుంది. ఎదిగిన మొక్కను పెకలించినప్పుడు లోతైన తల్లివేరు తెగిపోతుంది. నీటిని పీల్చే సన్నని పిల్లవేళ్ళు నేలలోనే ఉండిపోతాయి. మిగిలిన కొద్దిపాటి వేళ్ళు పెద్ద గుబురుకు నీరందించలేవు. ఫలితంగా మొక్క వాడిపోతుంది, లేదా ఒకటి రెండేళ్ళు పూయడం మానివేస్తుంది. అందుచేత స్థలనిర్ణయం నాటడానికి ముందే జరగాలి. రోజుకు కనీసం ఆరుగంటల ఎండ, నీరు నిలవని నేల, చుట్టూ మూడడుగుల ఖాళీ ఉన్న చోటు ఉత్తమం. నీడలో పెరిగితే కాడలు వాలిపోతాయి. వేరుబుడిపెలలోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని స్థిరీకరిస్తాయి గనుక ఎరువు అంతగా అవసరం ఉండదు.

స్థలమార్పిడి తప్పనిసరి అయితే లేతమొక్కను మార్చడం సులభం. ఎదిగినదానిని వసంతారంభంలో మొగ్గలు అప్పుడే కదులుతున్న వేళ గాని, ఆకులు ఎండిన శరదృతువులో గాని మార్చాలి. కాడలను కత్తిరించి, గుబురుకు దూరంగా, వీలైనంత లోతుగా తవ్వి, మట్టిగడ్డ చెదరకుండా పైకి తీయాలి. విభజించదలిస్తే ప్రతి భాగానికి మొగ్గలు, వేళ్ళు ఉండేలా పదునైన పనిముట్టుతో కోయాలి. మునుపటి లోతులోనే నాటి, తొలి ఏడాదంతా నేల ఆరిపోకుండా నీరు పోయాలి. ఈ మొక్కలో విషపదార్థాలున్నందున కాయలను, విత్తనాలను పిల్లలకు అందనీయరాదు.

పూవును చూసి మొక్కను మెచ్చుకోవడం తేలిక. కంటికి కనిపించని వేరును దృష్టిలో ఉంచుకొని తగిన చోటును ముందుగా ఎంచుకొన్నవారికే మారునీలి దశాబ్దాలపాటు పూలనిస్తుంది.