చింతకు కొత్త తల

కుండీలో చింత గింజ నాటితే మూడేళ్లకు కొరడాలా నిటారుగా లేస్తుంది. మొదట్లో ఎంత లావో నడిమిన కూడా దాదాపు అంతే. దాన్ని ఎంత అందమైన పళ్లెంలోకి మార్చినా పాతిన కర్రలాగే కనబడుతుంది. మొదలు బలిసి, పైకి పోనుపోను సన్నబడితేనే చెట్టుకు ముసలి కళ వస్తుంది. అందుకే బోన్సాయ్ చేసేవాళ్లు ధైర్యం చేసి మాను తల నరికి, కిందున్న ఒక కొమ్మను కొత్త తలగా నిలబెడతారు.

ఏ కొమ్మను? నేను మొదటిసారి అన్నిటికంటే పైన, ఏపుగా లేచినదాన్ని ఎంచుకున్నాను. అందరూ చేసే తప్పే.

పత్తి చేలో తలలు తుంచేవాళ్లకూ, బంతి మొక్కల కొసలు గిల్లేవాళ్లకూ తల తీస్తే ఏమవుతుందో తెలుసు. కొన మొగ్గ ఉన్నంతకాలం ఆకు పంగల్లోని మొగ్గలు నిద్రపోతాయి. బడి పుస్తకాల్లో దీన్నే అగ్రాధిక్యత అంటారు. 1933లో థిమన్, స్కూగ్ అనే శాస్త్రవేత్తలు ఒక రకం చిక్కుడు మొక్కల తలలు తీసేసి, కోసిన చోట ఆక్సిన్ అనే హార్మోను అందించారు. తల లేకపోయినా పక్క మొగ్గలు లేవలేదు. అంటే పెత్తనం చేసేది ఆక్సినే అనుకున్నారు. కానీ అది కాండంలో గంటకు సుమారు ఒక సెంటీమీటరే నడుస్తుంది. బఠాణీ మొక్క తల కోస్తే, దిగువన ఉన్న మొగ్గ ఆక్సిన్ తగ్గిన కబురు అందకముందే కదులుతోంది! 2014లో క్రిస్టీన్ బెవరిడ్జ్ బృందం దీనికి కారణం చక్కెర అని చూపించింది. పెరిగే కొన చక్కెరను తనవైపు లాగేసుకుంటుంది. అది పోగానే ఆ చక్కెర పక్క మొగ్గలకు మళ్లుతుంది. ఆక్సిన్ పాత్ర లేదని కాదు, మొదట మేలుకొలిపేది మాత్రం తిండి.

చింత తల నరికితే కోత కిందనే గుత్తిగా చిగుళ్లు లేస్తాయి. అన్నిటినీ ఉంచితే ఆ చోట మాను బుడిపెలా ఉబ్బుతుంది. నా చెట్టుకు జరిగిందదే. పైగా నిటారు చిగురు పాత కర్రనే కొనసాగిస్తుంది, వంపు రాదు. కాస్త కిందుగా, మాను వంగవలసిన వైపుకు లేచిన రెమ్మను చూసుకోవాలి. మానంత లావుంటే పంగకర్రలా అనిపిస్తుంది. మరీ సన్నదైతే కోత గాయం పూడటానికి ఏళ్లు పడుతుంది. నేను అన్నిటికంటే ముందు చూసేది రెమ్మ మొదట్లోని కణుపులనే. తర్వాతి కోత పడేదీ, పక్క కొమ్మలు లేచేదీ వాటి దగ్గరే. మొదటి కణుపు జానెడు దూరంలో ఉంటే ఆ జానెడూ బోడిగానే మిగులుతుంది. కణుపులు దగ్గరగా ఉన్న బక్క రెమ్మ, దూరంగా ఉన్న బలమైన రెమ్మ కన్నా మేలు.

నరికేటప్పుడు రెమ్మకు పైన కొంచెం మోడు వదలాలి, ఎండిపోవడం అక్కడితో ఆగుతుంది. రెమ్మ గట్టిపడ్డాక ఆ మోడును ఏటవాలుగా, వీలైతే చెట్టు వెనకవైపుకు వచ్చేలా కోసేస్తే సరి. రెమ్మను తీగ చుట్టి పైకి నిలపాలి. జామ తోటల్లో కొమ్మలు వంచి కట్టేది పెత్తనం తగ్గి పక్క మొగ్గలు లేవడానికే. మనకు కావలసింది దానికి తిరగేసిన పని. ఆ తర్వాత కత్తెర ముట్టుకోకూడదు. కొమ్మ బలిసేది తన ఆకులు వండిన తిండితోనే. మొదలు తగినంత లావెక్కాక రెండు మూడు కణుపులు ఉంచి మళ్లీ నరికి, ఈసారి ఎదురువైపు రెమ్మను ఎంచుకోవాలి. ప్రతి మెట్టూ కిందిదానికన్నా పొట్టిగా ఉండాలి.

ఈ మొండి వైద్యం చింతకూ మర్రికీ చెల్లుతుంది. ఆకుల్లేని పాత చెక్క నుంచి పైన్, జూనిపర్ చిగురించడం అరుదు. వాటిలో పచ్చని కొమ్మ ముందే ఉంటేనే పైది కోయాలి.

మా మేడ మీది చింతకు ఇప్పుడు మూడో తల నడుస్తోంది. రెండోదాన్ని ఉగాది దాటాక, చిగురు లేతగా ఉన్న రోజుల్లో కోశాను. ఆ చిగురు పప్పులోకి వెళ్లింది.