ముగ్గురు మనుషులు, 48 గొంతులు

‘నేను పాడిన ముక్కను ఫోన్‌లో పదిసార్లు కాపీ చేసి కలిపాను. కోరస్ వస్తుందనుకుంటే చెవులు చిల్లులు పడ్డాయి. ఎందుకు?’ అని వరంగల్ పాఠకుడొకరు రాశారు. దీనికి అసలైన జవాబు 1975లో వచ్చిన ఒక ఇంగ్లిష్ పాటలో ఉంది.

‘టెన్ సీసీ’ బృందం పాట ‘అయామ్ నాట్ ఇన్ లవ్’. ఎరిక్ స్టీవార్ట్, గ్రాహం గౌల్డ్‌మన్ రాశారు. మొదట బ్రెజిల్ బోసనోవా నడకలో కట్టారు. బృందంలోని కెవిన్ గాడ్లీకి బొత్తిగా నచ్చలేదు, పాట అటకెక్కింది. మళ్లీ దించాక, వాద్యాలు పక్కనపెట్టి గొంతులతోనే నింపుదామన్నదీ గాడ్లీనే. టేపు లూపుల ఉపాయం మరో సభ్యుడు లోల్ క్రీమ్‌ది.

ఇంగ్లండ్‌లో స్టాక్‌పోర్ట్‌లోని స్ట్రాబెర్రీ స్టూడియోలో గాడ్లీ, క్రీమ్, గౌల్డ్‌మన్ మైకు ముందు నిలబడి ఒకే స్వరం మీద ‘ఆ...’ అని పదహారుసార్లు పాడారు. మూడు పదహార్లు 48. తర్వాత అరస్వరం పైకి, మళ్లీ పదహారుసార్లు. ఇలా దాదాపు మూడు వారాలు! ఒక్కో స్వరం టేపును కొసలు అతికించి లూపు చేశారు. అతుకు పదేపదే తగలకుండా లూపు పొడుగ్గా ఉండాలి. యంత్రం మీద పట్టదు కాబట్టి మైకు స్టాండును కప్పీలా దూరంగా నిలబెట్టి తిప్పారు. ఆ స్వరాలన్నీ 16 ట్రాకుల టేపులోకి ఎక్కించాక, మిక్సింగ్ బల్ల మీది మీటలే హార్మోనియం మెట్లయ్యాయి. ఏ మీటా పూర్తిగా కిందికి దిగకుండా అడుగున జిగురు టేపు అంటించారు. పాటంతా గొంతుల పొగమంచు సన్నగా వినపడుతూనే ఉంటుంది. దీన్ని సింథసైజర్ మోత అనుకున్నవాళ్లు పొరబడ్డట్టే.

48 గొంతులంటే 48 రెట్ల మోత అనుకోవడం ఇంకో పొరపాటు. ఒకడు 440 హెర్ట్జ్ దగ్గర, ఇంకొకడు 442 దగ్గర పాడితే ఆ రెండు తరంగాలు సెకనుకు రెండుసార్లు కలిసి పెరుగుతాయి, రెండుసార్లు ఒకదాన్నొకటి చంపుకుంటాయి. 48 గొంతులు ఇలా తలో తీరున తప్పుతుంటే తరంగం సగటు ఎత్తు 48కి వర్గమూలం, అంటే దాదాపు ఏడు రెట్లే. మిగతాదంతా మెరుపుగా, కదలికగా చెవికి తెలుస్తుంది. కాపీలలో ఆ తేడాలు లేవు, అన్నీ అడుగులో అడుగు వేస్తాయి: పది కాపీలు పది రెట్ల ఎత్తు, గొంతు మాత్రం ఒక్కటే.

1966లో ఆబీ రోడ్ స్టూడియోలో ఇంజనీరు కెన్ టౌన్‌సెండ్ ఒకే గొంతును పలుమార్లు పాడించే పనికి దొడ్డిదారి కనిపెట్టాడు. పాడిందే మళ్లీ పాడటమంటే బీటిల్స్ గాయకుడు జాన్ లెనన్‌కు విసుగు. అందుకని టౌన్‌సెండ్ అదే గొంతున్న రెండో టేపును కొద్దిగా ఆలస్యంగా, వేగం అటూ ఇటూ ఊగేలా నడిపాడు. తెలివైన పనే, కానీ ఒక గొంతు రెండయిందంతే.

ఇక ఇప్పటి సంగతంటారా? ఇవాళ ఒక్క బటన్‌తో కోరస్ వస్తుంది. పదిమందిని నిజంగానే పాడించినా, పిచ్ సరిచేసే సాఫ్ట్‌వేర్ ఆ పది గొంతుల్నీ ఒకే గీత మీదికి లాగేస్తుంది. డబ్బిచ్చి తెచ్చుకున్న తేడాలను మళ్లీ డబ్బిచ్చి చెరిపేసుకోవడాన్ని ప్రగతి అనడం నా వల్ల కాదు.