మర్నాటి టర్కీ కూర: అపోహలు, వాస్తవాలు

క్రిస్మస్ మర్నాడు బెంగళూరు ఫ్రేజర్ టౌన్, కుక్ టౌన్ ఇళ్ళలో ఫ్రిజ్ తెరిస్తే సగం టర్కీ కనిపించడం కొత్తేమీ కాదు. వైట్‌ఫీల్డ్, మారతహళ్ళి వైపు తెలుగువాళ్ళ ఇళ్ళకూ ఇప్పుడు ఆ పక్షి అప్పుడప్పుడు చేరుతోంది, హోటలు ఆర్డరుగానో, అమెరికా నుంచి వచ్చిన పిల్లల ముచ్చటగానో. ఐదారు కిలోల కోడి నలుగురికి ఒక పూటలో అయ్యేది కాదు. మిగిలినదాన్ని కూర చేద్దామనగానే నాలుగు వైపుల నుంచీ మాటలు పడతాయి: ఒకసారి వండిన మాంసం మళ్ళీ వేడిచేస్తే విషం, అది మన మసాలాకు పనికొచ్చే కోడి కాదు, గంటసేపు ఉడికిస్తే గానీ మెత్తబడదు. ఈ మాటల్లో చాలావరకు అపోహలే. అయితే వాటిని కొట్టిపారేసేవాళ్ళ ధీమా కూడా అంతే అపోహ. మసాలా దట్టించి తెర్లించేస్తే ఎలాంటి మాంసమైనా మంచిదైపోతుందని వాళ్ళ నమ్మకం. అసలు సంగతేమిటంటే మాంసాన్ని చెడగొట్టేది రెండో వేడి కాదు, రెండు వేడుల మధ్య అది గడిపిన గంటలు. కూర మాంసం రుచిని కాపాడగలదు గానీ పోగొట్టుకున్న ఆ గంటలను వెనక్కి తేలేదు.

ముందు తేలికైన అపోహ తేల్చేద్దాం. టర్కీ మనది కాదు, మన కూరకు అతకదు అంటారు. మనది కాదన్నది నిజమే, అది మెక్సికో పక్షి. కానీ కూరలో వేసే మిరపకాయ, టమాటా కూడా అమెరికా ఖండాల నుంచి వచ్చినవే. 1612లో ముకర్రబ్ ఖాన్ గోవా నుంచి తెచ్చిన టర్కీని చూసి మొఘల్ చక్రవర్తి జహంగీర్ ఆశ్చర్యపడి చిత్రకారుడు మన్సూర్ చేత దాని బొమ్మ వేయించాడు. ఆ బొమ్మ ఇప్పుడు లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది. పుట్టినచోట కూడా టర్కీని చప్పగా కాల్చుకు తిని ఊరుకోలేదు. పుయెబ్లాలో ఎండుమిరపకాయలు, నువ్వులు, మసాలా దినుసులు కలిపి నూరిన మోలే అనే చిక్కటి గ్రేవీలో వండుతారు. ఇక మిగిలిన రోస్టును కూరగా మార్చడం బెంగళూరు కంటోన్మెంటుకు వింత కాదు. ఆంగ్లో-ఇండియన్ల జల్‌ఫ్రేజీ పుట్టిందే మిగిలిన మాంసాన్ని ఉల్లి, పచ్చిమిర్చితో వేయించుకునే అలవాటులో. మద్రాసు నందనంలో, ఇజత్‌నగర్‌లో మన పరిశోధన సంస్థలు టర్కీ రకాలనే అభివృద్ధి చేశాయి. కాబట్టి పరాయితనం వాదన నిలవదు.

విషం సంగతి మాత్రం నిదానంగా చూడాలి, ఎందుకంటే అందులో సగం నిజం ఉంది. క్లాస్ట్రీడియం పర్‌ఫ్రింజెన్స్ అనే బాక్టీరియా స్పోర్లు ఓవెన్ వేడికి చావవు. పెద్ద మాంసం ముద్ద మెల్లగా చల్లారుతున్నప్పుడు అవి మొలకెత్తి, అనువైన వేడి దొరికితే పది నిమిషాలకోసారి రెట్టింపవుతాయి. స్టెఫైలోకాకస్ అనే మరో బాక్టీరియా దారి వేరు. బల్ల మీద పెట్టిన కోడిని వచ్చినవాళ్ళందరూ చేత్తో తుంచుకుంటుంటే అది మాంసంలో చేరి విషపదార్థం తయారుచేస్తుంది. మర్నాడు ఎంత తెర్లించినా బాక్టీరియా చస్తుందేమో గానీ ఆ విషం పోదు. అందుకే ఆహార భద్రత నియమాలు సాధారణంగా వేడి పదార్థాన్ని 60 డిగ్రీల పైన, చల్లని పదార్థాన్ని 5 డిగ్రీల కింద ఉంచమంటాయి. ఈ రెండింటి మధ్య వండిన మాంసం రెండు గంటలకు మించి ఉండకూడదు. డిసెంబరు రాత్రి చల్లగా ఉంది కదా, కిటికీ దగ్గర పెడితే చాలదా అనే మాట బెంగళూరులో తరచు వినిపిస్తుంది. ఇక్కడి డిసెంబరు రాత్రి మామూలుగా పదిహేను డిగ్రీల దగ్గర ఉంటుంది. దుప్పటికి చాలిన చలి మాంసానికి చాలదు. వేడిది ఫ్రిజ్‌లో పెట్టకూడదంటూ తెల్లారేదాకా బయట ఉంచడం మరీ ప్రమాదం. భోజనం కాగానే మాంసాన్ని ఎముక నుంచి ఒలిచి, వెడల్పాటి పళ్ళెంలో పల్చగా పరిస్తే త్వరగా చల్లారుతుంది. ఆపైన మూతపెట్టి ఫ్రిజ్‌లో పెడితే మూడు నాలుగు రోజులు భయం లేదు.

మరి చేపల పులుసు మర్నాడే బాగుంటుందంటాం, ఫ్రిజ్ లేని రోజుల్లో కూడా తిన్నాం కదా, అని ఎవరైనా అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. అయితే పులుసులో చింతపండు పులుపుంది, ముక్కలు పల్చన, పొద్దున్నే మళ్ళీ మరగబెట్టే అలవాటుంది. రోస్టు చేసిన టర్కీకి పులుపు లేదు, రొమ్ము భాగం మందంగా ఉండి లోపలి వేడిని గంటలకొద్దీ పట్టి ఉంచుతుంది. ఆ పోలిక ఇక్కడ చెల్లదు. అలాగే పసుపు, లవంగం, వెల్లుల్లి క్రిముల్ని చంపుతాయన్న మాట ప్రయోగశాల గాజుపాత్రలో కొంతవరకు నిజం. కూరలో వేసే చెంచాడు పొడిని నమ్ముకుని ఉండలేం. పైగా ఆ పొడులే కొన్నిసార్లు బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా స్పోర్లను మోసుకొస్తాయి.

అలాగని మసాలా చేసే మేలు చిన్నది కాదు, అది వేరేచోట ఉంది. వండిన మాంసాన్ని ఫ్రిజ్‌లో ఉంచి మామూలుగా వేడిచేస్తే ఒక ముక్కిపోయిన వాసన వస్తుంది. 1958లో టిమ్స్, వాట్స్ అనే పరిశోధకులు దీన్ని శాస్త్రీయంగా వివరించారు. వండినప్పుడు మాంసంలోంచి బయటపడ్డ ఇనుము అందులోని కొవ్వు గాలితో కలిసి పాడవడాన్ని వేగిరపరుస్తుంది. టర్కీ కొవ్వులో అలా పాడయ్యే గుణం ఎక్కువ, తొడ మాంసంలో మరీనూ. ఉల్లి, వెల్లుల్లి, లవంగం లాంటివి ఈ చర్యను నెమ్మదింపజేస్తాయి, వచ్చిన వాసనను కమ్మేస్తాయి కూడా. మైక్రోవేవ్‌లో పెట్టిన ముక్క కంటే కూరలో పడ్డ ముక్క బాగుండటానికి కారణం ఇదే, మన నాలుక పక్షపాతం ఒక్కటే కాదు.

ఇక గంటసేపు ఉడికించాలన్నది నాటుకోడి నుంచి వచ్చిన అలవాటు. పచ్చి నాటుకోడిలో గట్టి కండర బంధనాలు కరగాలంటే సమయం కావాలి. రోస్టు టర్కీ అప్పటికే ఉడికింది. రొమ్ము మాంసాన్ని మళ్ళీ ఉడికించినకొద్దీ నీరు పిండుకుపోయి పీచులా మారుతుంది, కుక్కర్ విజిల్ వేయిస్తే ఇక చెప్పనక్కర్లేదు. కాబట్టి సమయమంతా మసాలాకు ఇవ్వాలి. ఉల్లిపాయ ఎర్రగా వేగి, అల్లం వెల్లుల్లి పచ్చివాసన పోయి, టమాటా మగ్గి, కారం, ధనియాల పొడి, గసగసాలు కొబ్బరి ముద్ద కలిసి నూనె పైకి తేలేదాకా ఆగాలి. నీళ్ళకు బదులు ఆ టర్కీ ఎముకలు మరగబెట్టిన రసం పోస్తే గ్రేవీకి చిక్కదనం వస్తుంది. నారకు అడ్డంగా కోసిన ముక్కల్లో తొడవి ముందు, రొమ్మువి చివర్లో వేయాలి. ముక్క మధ్యదాకా పొగలు కక్కే వేడి, అంటే 74 డిగ్రీలు, ఎక్కాక దించేయొచ్చు. ఐదారు నిమిషాలు చాలు. ఉప్పు చివర్లో రుచి చూసి వేయాలి, ఎందుకంటే ఫ్రోజెన్ టర్కీలు చాలావాటికి ఉప్పునీరు ముందే పట్టి ఉంటుంది.

టర్కీ తింటే అందులోని ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం వల్ల నిద్ర ముంచుకొస్తుందన్నది అమెరికా నుంచి దిగుమతైన అపోహ. మామూలు కోడిలోనూ అది దాదాపు అంతే ఉంటుంది. మధ్యాహ్నం కునుకు కూరతోపాటు కడుపు పట్టినంత తిన్న అన్నం పుణ్యం. కూర కూడా మిగిలితే గిన్నెడూ మళ్ళీ మళ్ళీ పొయ్యెక్కించకుండా కావలసినంతే తీసి వేడిచేసుకోవాలి. అయితే ఆ కూర వయసు లెక్కించేది వండిన రోజు నుంచి కాదు, కోడి ఓవెన్‌లోంచి దిగిన రాత్రి నుంచి.